మనవాడు

అక్క తమ్ముడి చొక్కా ఇస్త్రీ చేస్తోంది. తమ్ముడు కిటికీ పక్కనే కూర్చుని, బయట వాన పడుతోందా లేదా అని ఫోన్ని అడుగుతున్నాడు.

ఫోన్లోని ఏఐకి అతను "మనవాడు" అని పేరు పెట్టుకున్నాడు. ఆఫీసు ఉత్తరాలన్నీ మనవాడే రాస్తాడు. పిల్లలు అన్నం తినకపోతే ఏ కబుర్లు చెప్పాలో మనవాడే చెబుతాడు. ఒకసారి భార్యతో మాటామాటా పెరిగితే, "ఒక్క నిమిషం" అని బాత్రూములోకి దూరి, మనవాణ్ని అడిగొచ్చి మిగతా పోట్లాట పూర్తి చేశాడు. ఆ రోజు నుంచి మరదలు వాణ్ని "మీ ఆస్థాన విద్వాంసుడు" అంటుంది.

వచ్చే ఆదివారం ఇల్లు మారుతున్నారు. ఏ గోడకు ఏ రంగు, ఫ్రిజ్ ఏ మూల అన్న మాటలన్నీ అక్క ముందే సాగుతున్నాయి. ఆమె మంచం ఎక్కడ వేస్తారో మాత్రం ఎవరూ అనలేదు. తమ్ముడి పెళ్లికి ముందు నుంచీ ఆమె అతనితోనే ఉంటోంది. పగలంతా కుట్టు షాపులో, పొద్దునా సాయంత్రమూ ఈ ఇంటి పనిలో. నోరు విడిచి అడగడం చిన్నతనంగా తోచింది. అడగకపోతే కాదన్న మాట వినక్కర్లేదు కదా అని కూడా ఊరుకుంది.

"చుట్టాలందరికీ గ్రూపులో మెసేజ్ పెట్టేశానక్కా. మనవాడు ఎంత బాగా రాశాడో చూడు" అన్నాడు తమ్ముడు.

అక్క ఇస్త్రీపెట్టె నిలబెట్టి తన ఫోన్ తీసింది.

"ప్రియమైన బంధువులారా, మా కుటుంబ ప్రయాణంలో ఒక నూతన అధ్యాయం ప్రారంభం కానుందని తెలుపుటకు ఎంతో సంతోషిస్తున్నాము. మేము నలుగురం వచ్చే ఆదివారం నూతన గృహంలోకి మారుతున్నాము. మీరందరూ మా ఇంటికి తరచుగా వస్తూ ఉండాలని ఆకాంక్షిస్తున్నాము."

ఆమె మళ్లీ చదివింది. తమ్ముడు, మరదలు, ఇద్దరు పిల్లలు. లెక్క సరిపోయింది. తను "మీరందరూ"లో ఉంది.

"ఎలా ఉంది?"

"బాగుంది. నన్నెప్పుడు రమ్మంటావు?"

"ఎక్కడికి?"

"మీ ఇంటికి."

తమ్ముడు నవ్వబోయి ఆగాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు కూడా ఆగింది.

"అబ్బే, అది మనవాడి పొరపాటక్కా. యంత్రానికి మన ఇంటి సంగతులేం తెలుస్తాయి? కావాలంటే చూడు" అని ఫోన్ ఆమె చేతిలో పెట్టాడు.

అక్క చూసింది. పైన తమ్ముడు అడిగింది ఉంది: "నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు ఇల్లు మారుతున్నాం. చుట్టాలకు చెప్పాలి. కాస్త ఆప్యాయంగా రాయి." దాని కింద మనవాడి ప్రశ్న: "మీతో కలిసి ఉండబోయేవారు ఇంకెవరైనా ఉన్నారా? వారినీ చేర్చమంటారా?" దాని కింద తమ్ముడి జవాబు: "వద్దు. ఇంతే."

ఆమె ఫోన్ తిరిగి ఇచ్చేసింది.

"వాడు అడిగాడురా. నువ్వే వద్దన్నావు."

మరదలు చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"కొత్తింట్లో ఆ చిన్నగది పిల్లల చదువులకని అనుకున్నాం వదినా. నేను చెబుతానంటే, వద్దు, మెల్లగా నేనే చెబుతానన్నారు ఈయన. నెలరోజులైంది."

"చెప్పే పద్ధతి ఉండాలి కదా" అన్నాడు తమ్ముడు. "మనవాణ్ని అడుగుతూనే ఉన్నాను."

"నోరుంది కదండీ, దాంతో చెప్పండి."

"కాస్త ఆగు. టైప్ చేస్తున్నాను."

అక్క ఇస్త్రీపెట్టె స్విచ్ తీసేసి లోపలికి వెళ్లింది. ఆమె సామాను ఎప్పుడూ ఒక అలమరలో సగం దాటలేదు. సంచిలో సర్దుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. తిరిగి వచ్చేసరికి తమ్ముడు ఫోన్ మీదికి వంగి ఉన్నాడు.

"'మీ భావాలను నేను సంపూర్ణంగా గౌరవిస్తున్నాను.' ఛ, ఇది మరీ బరువుగా ఉంది" అని తనలో తనే అనుకుని, "సొంత అక్క. కాస్త ఆప్యాయంగా రాయి" అని మళ్లీ కొట్టాడు.

మరదలు సంచి వంక చూసింది, మొగుడి వంక చూసింది. చేతిలోని గుడ్డ మడత పెట్టుకుంటూ నిలబడిపోయింది.

అక్క చెప్పులు వేసుకుంది.

"ఆ, ఇది కుదిరిందక్కా, విను" అంటూ తమ్ముడు తల ఎత్తకుండానే చదవడం మొదలుపెట్టాడు.

అతను రెండో వాక్యంలో ఉండగా ఆమె తలుపు దగ్గరగా వేసి మెట్లు దిగింది.