రెండు వైలు, రెండు టీలు

మా కౌంటీలో జడ్జిని జనమే ఓటేసి ఎన్నుకుంటారు. మా జడ్జి వైనో హ్యూట్టినెన్ ఇరవై నాలుగేళ్లలో నాలుగుసార్లు గెలిచారు. నాలుగుసార్లూ ఎదురు నిలబడ్డవాడే లేడు. ఒక్కటే పేరున్న కాగితం మీద గీటు పెట్టడానికి ఎవరికేం కష్టం? ఐదోసారి మాత్రం బ్యాలెట్ మీద ఆయన పేరే అచ్చు కాలేదు. ఆ నిర్వాకం పూర్తిగా ఆయనదే.

పోటీ చేసేవాళ్లు ఓ కాగితం మీద ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. దాని కింద 'నా ఎదుట ప్రమాణం చేశారు' అని ఇంకో గీత ఉంటుంది. అక్కడ మరొకరు పెట్టాలి. ఇరవై నాలుగేళ్లుగా ఆ కింది గీత మీద సంతకాలు గిలికిన చెయ్యి ఊరుకుంటుందా? పైనా పెట్టేసింది, కిందా పెట్టేసింది. అంటే హ్యూట్టినెన్ గారు, హ్యూట్టినెన్ గారి ఎదుట, కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేసుకున్నారన్నమాట!

ఎన్నికల గుమాస్తా డొరీన్ సాయంత్రం ఫోన్ చేసింది.

"జడ్జిగారూ, తమరికి తమరే సాక్షి అయితే ఎలాగండీ? కాగితం చెల్లదు."

"గడువు నాలుగింటిదాకా ఉందిగా! అప్పుడే చెప్పొచ్చుగా?"

"నాలుగూ ఐదుకి చూశానండీ. ఐదు నిమిషాలు ఆలస్యమయ్యాడని మా ఆయన కేసు కొట్టేశారు, గుర్తుందా? ఐదు నిమిషాలంటే ఐదు నిమిషాలేనని తమరే అన్నారు."

నేను ఇరవై రెండేళ్లుగా ఆయన కోర్టులో గుమాస్తాని. ఆ మాట పక్కనుంచి విని కడుపు పట్టుకుని నవ్వాను. ఆయన మొహం చూశాక నవ్వు ఆగిపోయింది.

"హిల్యా," అన్నారు, "ఇన్నాళ్లూ జనం నేనే కావాలనుకున్నారా, ఇంకో పేరు లేక నామీద గీటు పెట్టారా?"

పాపం, మనిషి నిజంగానే అడుగుతున్నాడు.

దారి ఒక్కటే మిగిలింది. బ్యాలెట్ మీద ఖాళీ గీత ఉంటుంది, ఇష్టమైనవాళ్లు దానిమీద చేత్తో పేరు రాయొచ్చు. అచ్చయిన పేరేమో ఈసారి కొత్తగా పోటీకి దిగిన డేల్ ప్రాట్‌ది. వంతెన దిగువనున్న పట్నాలనుంచి మా వైపు వచ్చి రెండు చలికాలాలే అయింది, ఇంటిముందు మంచు కూడా మనిషిని పెట్టి తీయించుకునే రకం. వాడి పేరు రాయనక్కర్లేదు, గీటు చాలు. మా జడ్జిగారి పేరో? రాయాలంటే సగం కౌంటీకి చెమటలు పడతాయి.

జడ్జి ఎన్నికలంటే మా దగ్గర గోళ్లు అరగదీసుకునే గరుకు అట్టముక్కలు పంచడం ఆనవాయితీ. వాటి మీద ఆయన పేరు ఇంగ్లీషు పెద్దక్షరాలతో అచ్చేయించి, చర్చి విందులకీ మాంసం కూరి కాల్చే పాస్టీల అమ్మకాలకీ తిరిగాను.

"చెప్పండమ్మా, వైలు ఎన్ని?"

"రెండు!"

"టీలు?"

"రెండు! ఇక కూర్చోవే తల్లీ, పాస్టీ చల్లారిపోతోంది," అంది సైమా ముసలమ్మ. "ముందు మా అల్లుడి జరిమానా కొట్టేయమను మీ జడ్జిని, మూడు వైలు పెడతాను."

ఆయన ప్రచారం చూస్తే ఒళ్లు మండిపోయేది. తలుపు తీసినవాడికి నమస్కారమైనా చెప్పకుండా, "ఈ కుక్కకి లైసెన్సుందా?" అని అడిగేవారు. "ఓటడగండి మహానుభావా!" అని నేను కోటు పట్టుకు లాగేదాన్ని.

లెక్కింపు రోజు కౌంటీ హాలు నిండిపోయింది. ప్రాట్‌కి పందొమ్మిదివందల పదకొండు. జడ్జిగారి పేరు తప్పుల్లేకుండా రాసినవాళ్లు పదిహేడువందల అరవై. తప్పులు రాసిన మూడువందల చిల్లర పక్కన కుప్పగా ఉన్నాయి. పేరంటూ ఒకటి రాస్తే, తప్పులున్నా అది ఎవరిదో తెలిస్తే చాలన్నది రూలు. లెక్కింపు సంఘం పెద్ద, రిటైరైన టీచరు రువోనా గారు, ఒక్కొక్కటీ పైకి చదవడం మొదలుపెట్టారు.

"హిట్టినెన్."

"అభ్యంతరం!" అన్నాడు ప్రాట్.

"కూర్చో నాయనా. చెల్లుతుంది. హుటానెన్. చెల్లుతుంది. హైటెన్షన్..."

హాలంతా గొల్లుమంది. ఆవిడ కళ్లజోడు సర్దుకున్నారు. "ఇదీ ఆయనే. చెల్లుతుంది."

తరవాతి కాగితంలో ఒక టీ తక్కువైంది. ఐ మీద చుక్క బదులు సున్నా చుట్టి ఉంది. నేను కుర్చీలో కిందికి జారాను. అలా సున్నా చుట్టేది కౌంటీ మొత్తానికి నేనొక్కదాన్నే.

జడ్జిగారు నా చెవి దగ్గరికి వంగారు. "ఇరవై రెండేళ్లు, హిల్యా!"

"మీ పేరుకి రబ్బరు స్టాంపు ఇచ్చారుగా! ఎప్పుడైనా చేత్తో రాయనిచ్చారా?" అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

కుప్ప సగం దాటేసరికి ప్రాట్‌ని దాటేశాం. జనం చప్పట్లు కొట్టారు. వాడు కోటు తగిలించుకుని వెళ్లిపోయాడు. అయినా రువోనా గారు చివరిదాకా చదవాల్సిందేనన్నారు. ఆఖరి కాగితం దగ్గర ఆవిడ ఆగారు.

"'నాకు తొంభై రోజులు జైలు వేసిన పెద్దాయన.'" తల అడ్డంగా ఊపారు. "పేరు లేదు. ఇది చెల్లదు."

వెనక వరసలోంచి కొండంత మనిషి లేచాడు. దుంగల లారీ నడిపే రాయ్ టెర్వో. తాగి బండి నడిపి రెండుసార్లు మా కోర్టుకొచ్చినవాడు.

"అది నాది! ఆయనెవరో మీకు తెలీదా ఏంటి?"

"రాయ్!" జడ్జిగారు గర్జించారు. "ఓటు రహస్యం. కూర్చో!"

"కూర్చోనండీ. ఆ తొంభై రోజులూ లోపల కూర్చోబట్టే మందు మానాను. లేకపోతే ఈపాటికి ఎవడో ఒకణ్ణి లారీ కింద వేసేసేవాణ్ణి. రాస్తాను, మళ్లీ రాస్తాను, కాగితమివ్వండి!"

"ఒకరికి ఒక్క కాగితమే రాయ్," అన్నారు రువోనా గారు మెల్లగా. "చెల్లదు నాయనా."

జడ్జిగారు లేచి నిలబడ్డారు. "చెల్లదు. అమ్మగారి నిర్ణయం..." అంటూనే జేబురుమాలు తీసుకుని బయటికి నడిచారు.

నేను ఆయన టోపీ పట్టుకుని వెనకాలే పరిగెత్తాను. మెట్ల మీద మంచులో నిలబడి ఉన్నారు.

"గెలిచారండీ! నూట డెబ్భైకి పైగా తేడా!"

ఆ మాట విననేలేదు. "హిల్యా, రాయ్‌కిచ్చిన కాగితం మీద ప్రాట్ పేరు అచ్చయ్యే ఉందిగా?"

"ఉంది. పెద్దక్షరాల్లో ఉంది. గీటు పెడితే సరిపోయేది."

"అయినా పెట్టలేదు," అన్నారాయన, ముక్కు తుడుచుకుంటూ.