ఇంటర్వెల్ తర్వాత పాలవేళ

మదనపల్లెలో నేను చూసిన సినిమాల్లో ఒక్క విలనూ చావలేదు. విడిపోయిన మొగుడూ పెళ్లాలు కలవలేదు. తప్పిపోయిన పిల్లలు ఇంకా తిరుగుతూనే ఉన్నారు. పెళ్లయి ఇరవై ఆరేళ్లయింది, ఒక్క సినిమా కూడా నేను ఆఖరుదాకా చూసిన పాపాన పోలేదు. ఇంటర్వెల్లో అందరూ సమోసాల కోసం లేస్తే నేను బస్సు కోసం లేస్తాను.

దీనికంతటికీ కారణం మా ఆవు. పేరు బుడ్డమ్మ. పుంగనూరు పొట్టి జాతిది, నా నడుము దాటి ఎదగలేదు. కానీ దాని పంతం మాత్రం మా ఇంటి దూలమంత ఉంటుంది. సాయంత్రం ఐదింటికి నేను చెంబు పట్టుకుని పక్కన కూర్చుంటేనే అది చేపుతుంది. ఇంకెవరు కూర్చున్నా పాలన్నీ పైకి ఎగబీల్చుకుని, నేను ఎరగనన్నట్టు నెమరేస్తుంది. దాని తల్లీ అంతే, అమ్మమ్మా అంతే. అన్నిటినీ దూడప్పటి నుంచి గంజి పోసి పెంచింది నేనే కాబట్టి తప్పు నాదే అంటాడు మా ఆయన ఓబులప్ప.

మాది పుంగనూరు పక్కన పల్లె. మదనపల్లెలో మ్యాటినీ రెండున్నరకు. నాలుగింటికి బస్సెక్కితేనే పాలవేళకు ఇల్లు చేరతాను. ఫస్ట్ షోకు పోదామంటే పాలు పిండి బయలుదేరేసరికి అక్కడ సగం కథ అయిపోయి ఉంటుంది. ఆదివారం తప్ప మిగతా రోజుల్లో బడిలో మధ్యాహ్న భోజనం వండేది నేను. ఆదివారం మార్నింగ్ షో ఉంది కదా అని మీరు అడగవచ్చు. ఆదివారం పొద్దున మా ఇంట్లో నాటుకోడి ఉడుకుతుంది. ఉడికించేది ఎవరో చెప్పనక్కర్లేదు.

పుట్టింట్లో ఇలా లేదు. కుప్పంలో నేనూ, చెల్లెలు కౌసల్యా పేర్లు పడకముందే సీట్లో ఉండేవాళ్లం. తెలుగు, తమిళం, కన్నడం, ఏది ఆడితే అది చూశాం. తెర మీద ఆఖరి అక్షరం పోయేదాకా కదిలేవాళ్లం కాదు. కౌసల్య ఇప్పటికీ కుప్పంలోనే ఉంది. నేను సగం చూసిన సినిమాలన్నిటికీ మిగతా సగం అదే ఫోన్లో చెబుతుంది. విలన్ ఎలా చచ్చాడో చేతులు తిప్పుతూ చెబుతుందని గాజుల చప్పుడును బట్టి నాకు తెలుస్తుంది.

అలాంటిది, పోయిన నెలలో కౌసల్య ఎదురు తిరిగింది. ఒక ఆడలాయరు కథతో వచ్చిన కొత్త సినిమా గురించి చెబుతూ చెబుతూ సగంలో ఆపేసింది.

"ఆఖరు నేను సెప్పనక్కా. అది సెప్పేది కాదు, సూసేది. ఒక్క సినిమా, పెండ్లయినాక ఒక్కటన్నా నిండుగా సూడు."

"బుడ్డమ్మనెవరు పిండుతారే?"

"ఇరవై ఆరేండ్లుగా అదే మాట సెప్తాండావు" అని ఫోన్ పెట్టేసింది.

నాకు ఏడుపొచ్చింది. సినిమా కోసం ఏడవడమేమిటి, యాభైకి దగ్గరపడిన మనిషిని. అయినా వచ్చింది.

మా పక్కింటి చౌడమ్మత్త గోడ మీద నుంచి అంతా విన్నది. ఆమె వినని మాట మా వీధిలో పుట్టదు. సాయంత్రం పాలు పిండుతుంటే వచ్చి, మా ఆయన ఎదుటే ఉపాయం చెప్పింది.

"ఆవుకు మనిషి తెల్దు మ్మా, వాసన తెలుస్తాది. మా అత్త కాన్పుకు పోయినప్పుడు మా మామ ఆమె కోక కట్టుకోని పిండినాడు. ఓబులప్పా, నువ్వూ కట్టుకో, ఏం పోతాది?"

మా ఆయన మీసం ఒక్కసారిగా లేచి నిలబడింది. "సస్తే సస్తా గానీ కోక మాత్రం కట్టను. నాలుగూళ్లలో తలెత్తుకోని తిరిగేవాణ్ణి."

ఆ మాటతో ఉపాయం అక్కడే చచ్చిపోయిందనుకున్నాను. మరి నాలుగు రోజులకు, ఆదివారం పొద్దున కోడి ముక్క నోట్లో పెట్టుకుని, నా ముఖం చూడకుండా ఆయన అన్నాడు.

"మధ్యాహ్నం మదనపల్లెకు పో. సినిమా అంతా సూసుకోనిరా."

"మరి ఆవు?"

"ఆవు సంగతి నాకెందుకు వదిలిపెట్టవు? పోయేది పోక ప్రశ్నలు యాల?"

పోయాను. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. టికెట్టు కొన్నాను, పేర్లు పడకముందే కూర్చున్నాను. అప్పుడు గుర్తొచ్చింది నేను చేసిన ఘనకార్యం. పాలు పిండేటప్పుడు కట్టుకునే నా పాత ఆకుపచ్చ చీర ఉంది. పేడ, పాలు, గడ్డి, చెమట అన్నీ కలిసిన వాసన దానిది. ఆయన ఎలాగూ కట్టడు కదా అనుకుని, ముందురోజే మల్లెపూల వాసనొచ్చే సబ్బుపొడిలో నానబెట్టి, రెండుసార్లు జాడించి ఆరేశాను. ఒకవేళ ఆయన మనసు మార్చుకున్నా ఇప్పుడా చీరకు ఆవు లొంగదు. పిండకపోతే పొదుగు గట్టిపడి అది అరిచే అరుపులు నాకు థియేటర్లోనే వినిపించాయి.

ఇంటర్వెల్ పడింది. నా ప్రమేయం లేకుండానే నా కాళ్లు లేచాయి. ఇరవై ఆరేళ్ల అలవాటు మరి. వరస దాటి తలుపు దాకా వచ్చాను. బస్టాండు ఎంత, రెండు వీధులే. బయట ఎండ కనిపిస్తోంది. బుడ్డమ్మ గుర్తొచ్చింది. కౌసల్య మాటా గుర్తొచ్చింది. అప్పుడు నాకు కోపమొచ్చింది, ఎవరి మీదో తెలియదు. నేరుగా వెళ్లి ఒక సమోసా కొనుక్కుని, వెనక్కి వచ్చి నా సీట్లో కూలబడ్డాను. పెళ్లయ్యాక అది నా మొదటి ఇంటర్వెల్ సమోసా. కారం ఎక్కువైంది. అయినా అంత రుచి ఎప్పుడూ ఎరగను.

ఐదు దాటింది. తెర మీద లాయరమ్మ ఆఖరి వాదనకు నల్లకోటు సర్దుకుంటోంది. సరిగ్గా అప్పుడే ఒళ్లోని ఫోన్ అదిరింది. చౌడమ్మత్త. కొంపలంటుకున్నాయనుకుని తల కిందికి వంచి, పైట కప్పుకుని ఎత్తాను.

"సుమతీ, నువ్వు లేయొద్దు, కూచో" అని గుసగుసగా మొదలుపెట్టింది. "కోక కట్టినాడు మ్మా నీ మొగుడు! ఆ ఆకుపచ్చదే. కొట్టం తలుపేసుకున్నాడు గానీ సందులోనుంచి అంతా కనిపిస్తాండాది. ఆవు వాసన సూసి తన్నింది. రెండుసార్లు తన్నింది. అది ఉతికిన కోక కదా, మల్లెపూలు మల్లెపూలని వాసన."

"అయ్యో, మరి?"

"మరేముండాది, నీ మాటలెత్తుకున్నాడు. ఇదిగో, నువ్వే ఇను."

చౌడమ్మత్త ఫోన్‌ను తలుపు సందులో పెట్టినట్టుంది. గొంతు సన్నం చేసుకుని మా ఆయన మాట్లాడుతున్నాడు.

"కదలకుండా నిలబడవే నా తల్లీ. నీకు తోడు ఇంట్లో ఇంకొకడు ఉండాడు, సెప్పిన మాట ఇనేవాడు కాడు. మీ ఇద్దరికీ సేసి సేసి నా నడుము పోయింది. ఏమే, నీకు అర్థమవతాండాదా? ఆయప్పకు ఎట్లాగూ కాదు. మా అమ్మ కుప్పంలోనే ఇచ్చింటే హాయిగా సినిమాలు సూసుకుంటాంటిని. నీ కోసమే ఉండాను సూడు, దా, ఇయ్యి, నా బంగారు కదా..."

అవి నా మాటలు. ప్రతి సాయంత్రం బుడ్డమ్మ పక్కన కూర్చుని నేను గొణుక్కునే మాటలు. ఒక్క ముక్క పొల్లు పోలేదు. ఆయన పక్కనే మంచం మీద పడుకుని ఫోన్ చూసుకుంటాడు, ఏమీ వినడు అనుకున్నాను. వాటి వెనక జుయ్ జుయ్ మని చెంబులో పాలధార పడుతున్న చప్పుడు వినిపించింది.

హాల్లో అందరూ లాయరమ్మ కోసం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, ఎవరి కోసమో నాకు తెలుసు. కళ్లు తుడుచుకుని తలెత్తి ఆఖరుదాకా చూశాను. ఏమైందో ఇక్కడ రాయను. కౌసల్య చెప్పింది నిజమే, అది చెప్పేది కాదు. కథ అయ్యాక పేర్లన్నీ పైకి పోయేదాకా కూడా కూర్చున్నాను. లైట్ల మనిషి పేరు, మేకప్ మనిషి పేరు, భోజనాలు పెట్టినవాళ్ల పేరు, ఒక్కటీ వదల్లేదు. చీపురుతో వచ్చిన ఆమె "అయిపోయింది లేమ్మా" అంటే అప్పుడు లేచాను.

ఇల్లు చేరేసరికి ఆకుపచ్చ చీర మళ్లీ దండెం మీద ఉంది, ఎవరూ ముట్టుకోనట్టు. మా ఆయన లుంగీలో, మీసంతో, మంచం మీద ఉన్నాడు. బుడ్డమ్మ నన్ను చూసి తల తిప్పుకుంది.

"ఎంత ఇచ్చింది?" అన్నాను.

"రోజూ ఇచ్చేదే, పావు లీటరు ఎక్కువ."

కొంచెం కుళ్లు పుట్టిన మాట నిజమే. ఏమీ ఎరగనట్టు, ఎట్ల పిండావని అడిగాను. "ఎట్లో ఒకట్ల" అన్నాడు. ఫోన్లోకి చూస్తూనే, "ఆఖర్న ఏమయింది ఆ లాయరుకు?" అని అడిగాడు.

"సెప్పేది కాదు, సూసేది" అన్నాను. "వచ్చే ఆదివారం ఇద్దరం పోదాం. నేను మళ్లీ సూస్తా."

"ఇద్దరం పోతే ఆవునెవరు పిండుతారు?"

ఇన్నేళ్లు నేనన్న మాట ఆయన నోట విని నవ్వబోయేంతలో గోడ మీద చౌడమ్మత్త తల లేచింది.

"ఆ కోక నాకియ్యండప్పా, ఈసారి ఉతకొద్దండి. నీ మాటలంటావా సుమతీ, ఈ వీధిలో అవి రానోళ్లు ఎవరుండారు?"