బోరులో బొమ్మ పడిన రోజు

నరసింహులు తొమ్మిదో తరగతి సగంలో బడి మానేశాడు. ముప్పై ఏళ్ల తర్వాత అదే బడి తన పాత కంప్యూటర్లను పాత సామాన్ల బండికి తూకానికి వేస్తే, బండిని ఆపి ఒకదాన్ని దింపించుకున్నాడు. బడి తనకు ఇవ్వకుండా ఎగ్గొట్టిందంతా దీని దగ్గర వసూలు చేసుకోవాలని ఆయన పట్టుదల. అందులో కంప్యూటరును నడిపేది లినక్స్. చదువుకున్నవాళ్లంతా "దాన్ని పీకేసి అందరూ వాడేది ఏసుకో" అని సలహా ఇచ్చారు. చదువుకున్నవాళ్లు చెప్పారు కాబట్టే ఆయన పీకలేదు.

ఆయన పని బోర్లలోకి కెమెరా దింపడం. యాడికి మండలం చుట్టుపక్కల ఎండిన బోర్లకు కరువు లేదు గనక పనికీ కరువు లేదు. పొడుగాటి వైరు చివర మొక్కజొన్న కండెంత కెమెరా, దాని చుట్టూ చిన్న చిన్న లైట్లు. అది దిగుతూ ఉంటే పైన తెర మీద బండ పొరలు, పగుళ్లు, ఎక్కడైనా జల ఊరుతూ ఉంటే ఆ తడి, అన్నీ కనపడతాయి. జల ఉంటే ఆ గొప్ప రైతు తలరాతది. లేకపోతే ఆ పాపం నరసింహులుది. ఇరవై ఊళ్లలో ఇదే లెక్క.

ఆ రోజు తిమ్మన్న చేను. నాలుగు వందల యాభై అడుగుల బోరు. రెండేళ్లు సన్నగా పోసి, పోయిన ఎండాకాలం ఆగిపోయింది. లోపల ఎక్కడైనా జల కనపడితే తిమ్మన్న తన నలభై గొర్రెలూ అమ్మి, బోరు బండిని పిలిపించి ఇంకో మూడు వందల అడుగులు దింపిస్తాడు. కనపడకపోతే గొర్రెలు ఉంటాయి, బోరు మీద బండరాయి పడుతుంది. గొర్రెల వ్యాపారి గంగాధర్‌కు పామిడికి ఫోను కూడా పోయింది. సాయంత్రానికి వాహనం వస్తుంది. గొర్రెలు తిమ్మన్నవని ఊరు అంటుంది గానీ, ఒక్కొక్కదాన్నీ పిల్లప్పటి నుంచి సాకింది ఆయన భార్య సుంకమ్మ. ఆమె మాత్రం పొద్దుటి నుంచి ఒక్క మాట మాట్లాడలేదు.

కెమెరాతో పాటు వచ్చిన చిన్న తెర పోయిన నెలలో బండి మీద నుంచి పడి పగిలిపోయింది. కెమెరా పెట్టెను వైరుతో కంప్యూటరుకు తగిలించి, బ్రౌజరులో తెరిస్తే బొమ్మ అక్కడే వస్తుందని పెట్టె మీదే రాసి ఉంది. నరసింహులు ఇంటి దగ్గర తెరిచి చూశాడు. పేరూ, పాస్‌వర్డూ అడిగే పేజీ వచ్చింది. పేజీ వచ్చిందంటే బొమ్మ రాకేం చేస్తుందిలే అని అక్కడితో ఆపేశాడు. కంప్యూటరునూ, ఇన్వర్టరునూ, బ్యాటరీనీ ఆటోలో వేసుకుని చేనికి వచ్చి, బోరు పక్కన మంచం వాల్చి, దాని మీద అన్నీ పేర్చాడు.

పాస్‌వర్డు కొట్టాడు. బొమ్మ రావలసిన చోట తెల్లటి చదరం, అందులో ఒక ముక్క: ప్లగిన్ లేదు, దించుకోండి.

"ఏమంటాందప్పా అది?" అన్నాడు తిమ్మన్న.

"బొమ్మ చూపియ్యాలంటే దానికింకో సామాను కావాలంట."

"ఆ సామాను యాడుండాది?"

"ఈడనే, కెమెరా పెట్టెలోనే ఉండాది. దించుతాండా."

దించాడు. దిగింది. కానీ అది వేరే రకం కంప్యూటర్లకు కుట్టిన చొక్కా. లినక్స్ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, ఇదేమిటో నాకు తెలియదని పక్కన పెట్టేసింది.

బోరుకు అవతల గట్టు మీద ఈరన్న కూర్చుని ఉన్నాడు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేలో నడుస్తూ, అది నిట్టనిలువుగా లేచిన చోట నీళ్లున్నాయని చెప్పే మనిషి. ఈ బోరుకు చోటు చూపింది ఆయనే. కాబట్టి కెమెరా ఏం చూపిస్తుందా అని అందరికంటే ఎక్కువగా ఆయనకే దిగులు. ఆ దిగులును వెటకారంలో కప్పుకున్నాడు.

"నా టెంకాయకు ఏ సామానూ అక్కర్లేదప్పా. చేతిలో పెడితే లేస్తాది."

"లేస్తాది మామా. లేసిన కాడల్లా ఎండిన బోరే ఉండాది."

తిమ్మన్న నవ్వబోయి, తన బోరూ ఆ లెక్కలోకే వస్తుందని గుర్తొచ్చి మానుకున్నాడు.

నరసింహులు దగ్గర పెన్ డ్రైవులో పాత బ్రౌజరు ఒకటి ఉంది. కొత్త బ్రౌజర్లు ఇలాంటి ప్లగిన్లను గడప తొక్కనివ్వవు. పాతదానికి ఆ పట్టింపులు లేవు. దాన్ని ఎక్కించాడు. వీడియో ఆడించే ప్లగిన్ ఒకటి లినక్స్‌కు సరిపోయేది కూడా అందులోనే దొరికింది. పేజీ మళ్లీ తెరిచాడు. తెల్ల చదరం పోయి నల్ల చదరం వచ్చింది.

"వచ్చె, వచ్చె!" అన్నాడు తిమ్మన్న. "బోరు లోపల చీకటి కదా!"

"కెమెరా ఇంకా నా చేతిలోనే ఉండాది తిమ్మన్నా."

చీకటి బోరుది కాదు, కంప్యూటరుది. కెమెరా పంపే బొమ్మను విప్పి చదివే కోడెక్ అనే ముక్క ఇందులో లేదు. ఉత్తరం చేతికొచ్చింది, చదివేవాడు లేడు. ఆ ముక్క నెట్‌లోంచి దించుకోవాలి. చేనులో సిగ్నల్ ఒక గీత కూడా లేదు. ఫోను పైకెత్తి నాలుగు దిక్కులకూ తిప్పి, చివరికి పెన్ డ్రైవు జేబులో వేసుకుని, ఎదురుగా ఉన్న నాపరాళ్ల గుట్ట ఎక్కాడు.

గుట్ట మీద రెండు గీతలు వచ్చాయి. ఎండలో కూర్చుని, ఫోనులో ఒక్కొక్క ఫైలే దించుకున్నాడు. ఒకదాన్ని దించితే, నేను రావాలంటే ఇంకొకడు రావాలని అది పట్టుబడుతుంది. ఆ ఇంకొకడికి ఇద్దరు బామ్మర్దులు. నరసింహులుకు తన పెళ్లి గుర్తొచ్చింది. ఎందుకైనా మంచిదని బ్రౌజరు ముక్కలు కూడా జాబితాలో కనపడితే అవీ దించేశాడు. రెండు గంటలు పట్టింది.

కింద ఆ రెండు గంటలూ ఎవరూ ఊరికే కూర్చోలేదని ఆయనకు తెలియదు.

దిగి వచ్చేసరికి కంప్యూటరుకు పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టి ఉంది. బోరు గొట్టం చుట్టూ ముగ్గు. తనకు జరిగిన మర్యాదేమోనని కాసేపు మురిశాడు. దించుకొచ్చినవన్నీ ఎక్కించి, పేజీ తెరిచాడు. చదరంలో పచ్చటి గీతలు పరుగెత్తాయి, ఆగాయి, కలిశాయి. తెర నిండా ఈరన్న ముఖం ప్రత్యక్షమైంది. కెమెరా ఆయన వైపు పడి ఉంది.

"అబ్బా! బొమ్మ పడె!" అన్నాడు తిమ్మన్న.

నలభై ఏళ్లు దాటిన నరసింహులుకు కళ్లు చెమర్చాయి. దుమ్మని చెప్పి తుడుచుకున్నాడు.

కెమెరా బోరులోకి దిగింది. యాభై, నూరు, నూట యాభై. గోడ తడిగా మెరుస్తోంది. రెండు వందల అడుగుల దగ్గర బండ మీద సన్నటి ధార జారుతోంది. మూడు వందల దగ్గర చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. నాలుగు వందల నలభై దగ్గర కెమెరా నీళ్లలో మునిగింది.

ఈరన్న గట్టు మీద నుంచి లేచి అరిచాడు.

"చెప్తిని కదరా! నా టెంకాయ అబద్ధం ఆడదని చెప్తిని కదా!"

తిమ్మన్న పై పంచెతో ముఖం కప్పుకున్నాడు. సుంకమ్మ మాత్రం గొర్రెలున్న వైపు చూసింది.

నరసింహులు తెర వైపే చూస్తున్నాడు. పైనుంచి కింద దాకా గోడంతా ఒకేలా తడవడం ఆయన ఏ బోరులోనూ చూడలేదు. జల అంటే ఒక పగులు దగ్గర మొదలవుతుంది, దాని పైన పొడి బండ ఉంటుంది. ఇక్కడ తడి గొట్టం మూతి నుంచే మొదలైంది. అడుగున నీళ్లు పచ్చగా ఉన్నాయి. ఇంతలో కెమెరా ముందుకు గుండ్రటిది ఒకటి తేలుకుంటూ వచ్చి, లైటు వెలుగులో నెమ్మదిగా దొర్లింది.

నిమ్మకాయ.

"ఎవురు పోసినారు?" అన్నాడు.

సుంకమ్మ ముందుకు వచ్చింది.

"నేనేన్నా. నువ్వు గుట్టెక్కితివి. గంగమ్మకు కోపం వచ్చింది, అందుకే మిషను తెరుచుకోలేదు, పూజ చేసి ఐదు బిందెలు పొయ్యమని ఈరన్న మామ చెప్పినాడు. గొర్రెలకని తెచ్చిన డ్రమ్ము నీళ్లే పోస్తి."

"ఐదు బిందెలా?"

"పసుపు కలిపి పోస్తి."

నరసింహులు కెమెరాను పైకి లాగేసి మంచం మీద కూర్చున్నాడు. "తిమ్మన్నా, ఇది జల కాదప్పా. మీ డ్రమ్ము నీళ్లే. నీకు చూపిస్తాండా."

తిమ్మన్న ముఖం మీద నుంచి పంచె తీశాడు. "పొద్దున్నుంచి బొమ్మ కోసం సస్తివి. ఇప్పుడు బొమ్మ పడినాక, ఆ బొమ్మ అబద్ధమంటావా?"

"బొమ్మ నిజమే. నీళ్లే మీవి."

"ఐదు బిందెలు పోస్తే నాలుగు నూర్ల యాభై అడుగుల గోడ తడుస్తాదా? అంత చిన్న బిందెలతోనా?" అన్నాడు ఈరన్న. "చదువు లేనోని మాట వింటావో, కళ్లతో చూసింది వింటావో నీ ఇష్టం."

చదువు లేనోడన్న మాట ఈరన్న నోట వచ్చిందంటే ఇక లోకంలో ఎవరి నోటా రాకుండా ఉండదని నరసింహులుకు అర్థమైంది. ఈరన్న చదివింది రెండో తరగతి.

"ఒక గంట ఆగండి. మళ్లా కెమెరా దింపుతా. జలైతే నీళ్లు పెరుగుతాయి. పోసిందైతే బండ తాగేస్తాది. గంటే కదా."

అదే బాగుండేది. కానీ ఈరన్న సంతోషం పట్టలేక గంగమ్మకు ఇంకో టెంకాయ కొట్టబోయాడు. రాయి కోసం వెనక్కి అడుగేశాడు. ఇన్వర్టరు వైరు కాలికి తగిలింది. తెర ఆరిపోయింది.

వైరు మళ్లీ పెట్టి, కంప్యూటరు లేచేదాకా నరసింహులు పళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాడు. లేచింది. పేజీ తెరిచాడు. చదరంలో కొత్త ముక్క: ఈ ప్లగిన్ సురక్షితం కాదు, అనుమతించడం లేదు. గుట్ట మీద ఎందుకైనా మంచిదని దించిన బ్రౌజరు ముక్కలు తమ పని తాము చేసుకున్నాయి. పాత బ్రౌజరు కొత్తదై కూర్చుంది. కొత్తదానికి పట్టింపులు ఉన్నాయి.

"ఇప్పుడేమంటాంది?" అన్నాడు తిమ్మన్న.

"ఇది నమ్మదగింది కాదంటాంది."

"చూస్తివా!" అన్నాడు ఈరన్న. "మిషనే చెప్తాంది నీ మాట నమ్మద్దని."

పాత బ్రౌజరును మళ్లీ ఎక్కించాలని నరసింహులు కుస్తీ పట్టాడు, కుదరలేదు, గంట మాత్రం గడిచిపోయింది. దూరంగా దారిలో దుమ్ము లేచింది. గంగాధర్ వాహనం. తిమ్మన్న లేచి, గొర్రెల దొడ్డి వైపు నాలుగు అడుగులు వేశాడు. చూపించడానికి నరసింహులు దగ్గర ఏమీ లేదు. బొమ్మ లేనప్పుడు ఆయన మాట ఎవరు విన్నారు గనక, ఇప్పుడు వింటారు.

సుంకమ్మ వంగి గోళీకాయంత రాయి ఏరుకుంది.

"నువ్వు ఆగు," అంది మొగుడితో. పొద్దుటి నుంచి ఆమె అతనితో అన్న మొదటి మాట అదే.

"ఏమే?"

"పోసింది నేను. గంట దాటింది. ఉండాయో లేదో నేనే చూస్తా."

బోరు గొట్టం మీద చెవి పెట్టి, రాయి వదిలింది. తిమ్మన్న ఆగిపోయాడు. ఈరన్న చేతిలో టెంకాయ అలాగే ఉండిపోయింది. గోడకు ఒకసారి తగిలిన చప్పుడు, ఇంకొకసారి, తర్వాత చాలాసేపు ఏమీ లేదు.

ఠక్.

నీళ్లలో పడిన రాయి అలా పలకదని అక్కడున్న అందరికీ తెలుసు. ఎవరికీ ప్లగిన్ అక్కర్లేకపోయింది.

"ఇందాక పోసిన ఐదు బిందెలూ తాగేసింది," అంది సుంకమ్మ. "నలభై గొర్రెలనూ తాగేస్తాది." పైట దులుపుకుని దొడ్డికి అడ్డంగా పోయి నిలబడింది.

తిమ్మన్న మళ్లీ ఒక రాయి వేసి వినాలనుకున్నట్టు వంగాడు, వేయలేదు. ఖాళీ డ్రమ్మును కాలితో తన్ని, బండరాయి తేవడానికి పోయాడు. ఈరన్న గొణిగాడు:

"ఉండె. నీళ్లు ఉండె. ఆ లైట్ల కన్ను చూసి గంగమ్మ సిగ్గుపడి లోపలికి పాయ."

నరసింహులు వైర్లు చుట్టుకున్నాడు. రాయి దొర్లించుకొస్తూ తిమ్మన్న ఆయన దగ్గర ఆగాడు.

"పొద్దున్నే నీ బొమ్మ పడింటే ఈ పూజా లేదు, ఈ పీడా లేదు కదప్పా. ఎండింది ఎండినట్టే కనపడిపోతాండె."

జీవితంలో తనను అన్నవాళ్లందరికీ తిరిగి అనడానికి నరసింహులు దగ్గర మాటలు ఉండేవి. ఈ ఒక్కదానికి దొరకలేదు, ఎందుకంటే అది నిజం. ఇంటి దగ్గర బొమ్మ దాకా చూసుకోకుండా పేజీ దగ్గరే ఆగిపోయింది తనే. బడిలోనూ అంతే.

ఆటో ఎప్పుడో వెళ్లిపోయింది. గంగాధర్ వాహనం గొర్రెలు లేకుండా వెనక్కి పోతోంది. సుంకమ్మే చెయ్యెత్తి ఆపి, "అన్నను ఊళ్లో దింపిపో" అంది. గొర్రె పెంటికల మధ్య, పసుపూ కుంకుమతో, కంప్యూటరును ఎక్కించారు. నరసింహులు దాన్ని పట్టుకుని వెనకే కూర్చున్నాడు.

గంగాధర్ తల వెనక్కి తిప్పి చూశాడు. "ఏమప్పా, నలభై గొర్రెలకు రమ్మని, దీన్ని ఎక్కించినారు. దీన్నేమన్నా అమ్ముతారా?"

"బొట్టు పెట్టి అంపినారు కదా, బేరం అడుగు," అన్నాడు నరసింహులు. "కానీ ముందే చెప్తాండా. దీనికి మేత పెట్టాలంటే గుట్ట ఎక్కాల."