ఈశ్వరప్ప బిళ్ళ

మా సభకు పేరు లేదు. రాబర్ట్‌సన్‌పేట మార్కెట్లో ఎవరైనా "మీరు ఏ మిషను?" అని అడిగితే "ఏదీ కాదు" అంటాం. రేషన్ కార్డు లేనివాళ్లను చూసినట్టు జాలిగా చూస్తారు. మా పాస్టరు శ్రీనివాసమూర్తి వారమంతా వేమగల్‌లో ఫ్యాక్టరీ పని చేసి, ఆదివారం వాక్యం చెబుతాడు. క్రైస్తవుడయ్యాక కూడా ఆయన తన పేరు మార్చుకోలేదు. నేనెవరో దేవుడికి తెలుసు, ఆధార్ ఆఫీసువాళ్లకు తెలియాలి కదా అంటాడు.

బంగారు గని మూతపడ్డాక మిగిలిన కూలీల లైను ఇళ్లలో రెండింటి మధ్య గోడ కొట్టేసి మేం కూడుకుంటాం. లోపల సిలువ ఉంది, దాని పక్కన మేకులు కొట్టిన చెక్క ఉంది. కొత్తవాళ్లు ముందు ఆ చెక్కనే చూస్తారు.

ఆ చెక్క మా పెద్దాయన చిన్నవెంకటప్పది. జీవితమంతా గనిలో పనిచేశాడు. ఆ రోజుల్లో లోపలికి దిగే ప్రతి మనిషికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఒకటి ఉండేదట. దిగేటప్పుడు వెంట తీసుకుపోవాలి, పైకొచ్చాక తన మేకుకు తగిలించాలి. షిఫ్టు ముగిశాక ఏ మేకైనా ఖాళీగా ఉంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. అతణ్ణి వెతకడానికి, మనుషుల్ని లోపలికి దించే కేజు మళ్ళీ దిగేది.

సభ మొదలుపెట్టినప్పుడు చిన్నవెంకటప్ప మా అందరికీ బిళ్ళలు చేయించాడు. వారమంతా జేబులో పెట్టుకుంటాం, ఆదివారం మేకుకు తగిలిస్తాం. ఏ మేకైనా ఖాళీగా ఉంటే ఎవరైనా వెళ్లి ఆ మనిషిని చూసి రావాలి. అప్పటిదాకా భోజనం లేదు. ఎవరి మాటవల్ల మేకు ఖాళీ అయిందో వాళ్లే పోవాలన్నది ఇంకో నియమం. వేరే సంఘాల్లో శిష్యత్వానికి పాఠాలు ఉంటాయట. మాకు ఆకలి ఉంది.

నా సంగతి చెబుతాను. వారంలో ఆరు రోజులు తెల్లారకముందే రైలెక్కి బెంగళూరు పోయి, చల్లారిన డబ్బా అన్నం తినేవాణ్ణి. నాకు ఆదివారం మధ్యాహ్నం వేడి రాగి ముద్ద, సాంబారు అంటే ఆరాధనలో ముఖ్యమైన భాగమే. కాబట్టి మేకు ఖాళీగా కనిపిస్తే నాకు పట్టే కోపం పరిశుద్ధమైనది కాదు.

వంట పుష్పావతమ్మ చేస్తుంది. పాలు పోసి బతికే మనిషి, నోరూ చెయ్యీ రెండూ గట్టివే. ఒక ఆదివారం సాక్ష్యాల సమయంలో ఈశ్వరప్ప లేచాడు. పెళ్ళాం పోయి ఒంటరిగా ఉండే రిటైర్డు వడ్రంగి. చెప్పదలచింది చెప్పేసే రకం.

"పోయిన వారం సాంబారులో ఉప్పు సముద్రమంత ఉండింది. అయినా దేవుడు నాకు ఓర్పు ఇచ్చినాడు. స్తోత్రం!" అన్నాడు.

మేం సగం నిద్రలో ఉన్నాం. అలవాటుగా అందరం "ఆమెన్" అనేశాం.

పుష్పావతమ్మ గరిటెతో సహా వంటింట్లోంచి వచ్చింది. "అట్లయితే ఇంట్లోనే తినుకో పో," అంది. ఈశ్వరప్ప తన బిళ్ళ తీసుకుని వెళ్లిపోయాడు.

మరుసటి ఆదివారం ఆయన మేకు ఖాళీ. అందరం పుష్పావతమ్మ వైపు చూశాం. "ఆయప్ప యాడికీ తప్పిపోలేదు. ఇంట్లోనే ఉండాడు. నేను పోను," అంది. పాస్టరు వాచీ చూసుకున్నాడు. సాంబారు వాసన గోడ దాటి వస్తోంది. పోరాటం ఎంతసేపు సాగేదో గానీ, అప్పుడే మా ఆటో మంజు లోపలికొచ్చి ఒక బిళ్ళ చూపించాడు.

"ఈశ్వరప్ప ఇచ్చి పంపించినాడు. నా కోసం మీరు పస్తుండొద్దు, తినండి అన్నాడు."

మంజు బిళ్ళను మేకుకు తగిలించాడు. చెక్క నిండింది. దేవునికి స్తోత్రం అన్నాం. ఎందుకన్నామో దేవుడికి తెలుసు.

ఆ తర్వాత అదే పద్ధతి అయింది. ప్రతి ఆదివారం బిళ్ళ ఆటోలో వచ్చేది, సాయంత్రం ఆటోలో ఇంటికి పోయేది. ఈశ్వరప్ప కంటే క్రమంగా వచ్చేది. ఒక వారం పాస్టరు తప్పిపోయిన గొర్రె గురించి చెప్పాడు. చాలా బాగా చెప్పాడు. విని, చేతులు కడుక్కుని, భోంచేశాం.

చిన్నవెంకటప్పకు చెవులు వినపడవు, గని దుమ్ముకు ఊపిరి కూడా సరిగా ఆడదు. ఈ గొడవంతా జరిగిన ఆ కొన్ని వారాలూ జబ్బుచేసి రాలేదు. మేం వంతులేసుకుని ఆయన్ని చూసి వచ్చేవాళ్లం. కోలుకుని వచ్చిన రోజు, ముద్దలు వడ్డిస్తుండగా, ఆయన చుట్టూ చూశాడు.

"ఈశ్వరప్ప యాడ?"

"బిళ్ళ వచ్చిందప్పా!" అని మంజు చెవి దగ్గర అరిచాడు.

ముసలాయన ముద్ద తుంచలేదు. "మా షిఫ్టులో ఒకడుండె," అన్నాడు. "పని కొంచెం మిగిలింది, చేసి వస్తా, నా బిళ్ళ తగిలించు అని దోస్తు చేతికిచ్చినాడు. ఆ దోస్తు పైకొచ్చి తగిలించినాడు. బోర్డు నిండుగా ఉండె. మేమంతా ఇండ్లకు పోయి, నీళ్లు పోసుకోని, తిని పండుకున్నాము. ఇంగ కేజు యాడ దిగుతుంది? కింద బండ పడింది. వాడు లోపలే ఉండిపాయె."

 ముసలాయన ప్లేటును నెమ్మదిగా పక్కకు జరిపాడు.

పుష్పావతమ్మ చేతిలోని గరిటెను గిన్నెలో పెట్టేసింది. చెక్క దగ్గరికి పోయి ఈశ్వరప్ప బిళ్ళను మేకు నుంచి తీసి కొంగున ముడి వేసుకుంది. "ఇంగ ఎవురూ తినకండి," అంది.

నా ముద్ద అప్పటికే చేతిలో ఉంది. కింద పెట్టాను. ఇంత బాధతో చేసిన విధేయత నా జీవితంలో ఇంకోటి లేదు. పోయేటప్పుడు ఇద్దరు పోవాలన్నది మా ఆచారం. పాస్టరు నన్ను పుష్పావతమ్మ వెంట పొమ్మన్నాడు. ఆకలిగొన్నవాడు వేగంగా నడుస్తాడని ఆయన నమ్మకం.

ఈశ్వరప్ప ఇంటి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. తెల్లచొక్కా, ఇస్త్రీ మడత చెదరలేదు. తల నున్నగా దువ్వుకున్నాడు. ఒళ్లో బైబిలు. ఊరికే ఇంట్లో ఉండే మనిషి అట్లా తయారవడు. అది చూడగానే నాకు ఆకలి పోయింది.

"ఏమ్మా, అన్నం తినలేదా?" అన్నాడు.

"ఎవురూ తినలేదు. మేకు ఖాళీగా ఉండాది."

"బిళ్ళ పంపిస్తిని గదా."

"పంపిస్తివి." ఆమె కొంగు ముడి విప్పి బిళ్ళను ఆయన పక్కన పెట్టింది. "ఏంటికి పంపిస్తివి?"

"నా రోషానికి మీరు ఏంటికి పస్తుండాల? మొదటి వారం అంతే అనుకుంటిని." ఆయన చొక్కా గుండీ సర్దుకున్నాడు. "రెండో వారం నుంచీ, బిళ్ళ చూసి ఎవురైనా మనిషి యాడ అని వస్తారనుకుంటిని. ప్రతి ఆదివారం ఇస్త్రీ చేసుకోని ఈడనే కూచుంటి. పాటలు ఈడికి వినిపిస్తాయి. పాటలు నిలిచిపోతే, తింటా ఉండారులే అనుకుంటిని."

పుష్పావతమ్మ మెట్టు మీద కూలబడింది. కళ్లు తుడుచుకోలేదు, దాచుకోనూ లేదు. "ఆ దినం ఉప్పు ఎక్కువే అయింది, నాకూ తెలుసప్పా. నువ్వు అన్నందుకు నాకు అంత మండలేదు. అందరూ ఆమెన్ అన్నారు చూడు, దానికి మండింది."

నేను నా చెప్పుల వైపు చూసుకున్నాను.

"అయినా ఇంట్లో తినుకో పో అనరాదు. తిట్టొచ్చు, ఆ మాట మాత్రం అనరాదు. తప్పు నాదే."

"నాదీ ఉండాది," అన్నాడు ఈశ్వరప్ప. "అది సాక్ష్యంలో చెప్పే మాట కాదు. వంటింట్లో చెప్పే మాట." లేచి బిళ్ళ జేబులో వేసుకున్నాడు. "ఈ దినం ఉప్పు?"

"వచ్చి తిని చూడు."

మేం తిరిగి వెళ్లేసరికి అందరూ కదలకుండా అట్లాగే కూర్చుని ఉన్నారు. ఈశ్వరప్ప బిళ్ళను తానే మేకుకు తగిలించాడు. ముద్దలు గట్టిపడ్డాయి, సాంబారు చల్లారింది. నాకు నా డబ్బా అన్నం గుర్తొచ్చింది గానీ నోరు మూసుకున్నాను. ఈశ్వరప్ప సాంబారు మళ్ళీ పోయించుకున్నాడు. పోయేటప్పుడు బిళ్ళ తీసుకోవడం మరిచిపోయాడు. వారమంతా అది మేకుకే ఉండిపోయింది.

మరుసటి ఆదివారం ప్రార్థన అయ్యేసరికి మేకులన్నీ నిండుగా ఉన్నాయి. ఈశ్వరప్ప మాత్రం లేడు. మంజు తన బిళ్ళ తగిలించి ఆటోలో బయటికి పోయినవాడు ఇంకా రాలేదు. ముద్దల మీంచి ఆవిరి లేస్తోంది. ఎవరూ చెక్క వైపు చూడలేదు. అందరం వాకిలి వైపే చూస్తూ కూర్చున్నాం. ఆవిరి ఆగిపోయింది. పుష్పావతమ్మ గరిటె ముట్టలేదు. పాస్టరు, నేను చెప్పులేసుకున్నాం.

అప్పుడు వాకిట్లో మంజు, ఈశ్వరప్ప కనిపించారు. మార్కెట్టుకు పోయి వస్తుంటే దారిలో ఆటో పంక్చరయి, అక్కణ్ణుంచి నడిచొచ్చారు. ఈశ్వరప్ప రొప్పుతూ మమ్మల్నీ, చల్లారిన ముద్దల్నీ, మేకున వేలాడుతున్న తన బిళ్ళనూ చూశాడు.

"బిళ్ళ ఉండాది గదమ్మా, తినేసి ఉండొచ్చు గదా?"

"బిళ్ళ తినదు గదప్పా," అంది పుష్పావతమ్మ. "కూచో."