గాలి సోకిన బండి

శైబానీ బండి దగ్గరికి వస్తూనే బోనెట్ మీద అరచెయ్యి ఆనించాడు. చల్లగా ఉంది. అమ్మేవాడు ముందుగానే ఇంజను వేడెక్కించి పెట్టాడంటే దానికేదో రోగం ఉన్నట్టే లెక్క. చల్లగా ఉందంటే దాపరికం లేదన్నమాట. ఇంకొకరైతే హమ్మయ్య అనుకునేవారు. శైబానీ మొహం మాత్రం చిన్నబోయింది.

"సెల్ఫ్ కొట్టు," అన్నాడు.

బండి అమ్ముతున్న హమ్మాది తాళం తిప్పాడు. ఒక్క దెబ్బకే ఇంజను అందుకుంది. వెనక గొట్టంలోంచి కాసేపు నల్లగా వచ్చిన పొగ పల్చబడి మాయమైపోయింది. శైబానీ ఆయిల్ మూత విప్పి చూశాడు. రేడియేటర్లో బుడగలు వస్తాయేమోనని వంగి చూశాడు. మోకాళ్లు పట్టేస్తున్నా బండి కిందికి దూరి ఛాసిస్ పొడుగునా వేళ్లతో తడిమాడు. వెనక కమానులో ఒక పట్టీ విరిగి ఉంది. అది చేతికి తగలగానే లంకెబిందె దొరికినట్టు కేకేశాడు.

"పట్టీ విరిగింది!"

"విరిగిందని నేనే చెప్పానుగా పెద్దాయనా," అన్నాడు హమ్మాది నవ్వుతూ. "మార్పించే ఇస్తా. అయినా పట్టీ విరిగితే బండి ఆగిపోతుందా ఏంటి? ఇంతకీ నువ్వు బండి కొనడానికొచ్చావా, దీనిమీద కేసు పెట్టడానికొచ్చావా?"

హమ్మాది దూరాన రేవు పట్నం నువాదిబూ నుంచి వచ్చి, ఈ ఎడారి ఊరు అతార్‌లో పాత బండ్ల కొట్టు తెరిచి రెండు నెలలైంది. బండి కింద పడుకుని ఉన్న ముసలాయన ఎవరో అతనికి తెలియదు. తెలిస్తే ఆ మాట అనేవాడు కాదు.

ఎనిమిది నెలల కిందట, మంచి ఎండల్లో, శైబానీ కొడుకు యస్లెమ్ ఈ బండితో ఎడారిలో చిక్కుకుని చనిపోయాడు. ఇరవై నాలుగేళ్లవాడు. అప్పటిదాకా పెట్రోలు కార్లే నడిపాడు. ఒక వర్తకుడి దగ్గర కుదిరి, ఈ డీజిల్ బండిలో వాదాన్ వైపు గుడారాలకి బియ్యం, గ్యాసు చేరవేసేవాడు. నాలుగో రోజున బండి కనిపించింది. ట్యాంకులో సగానికి డీజిల్ ఉంది. పక్కన ఖాళీ క్యాను పడి ఉంది. బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది. యస్లెమ్ అక్కడికి పదకొండు కిలోమీటర్ల అవతల దొరికాడు.

బండి దగా చేసిందన్నారు అందరూ. గాలి సోకిందని, ఆ రాళ్లలో తిరిగే జిన్ను ఏదో ఇంజన్లో దూరిందని కొందరన్నారు. పరామర్శకి వచ్చిన ప్రతి ఒక్కరికీ శైబానీ కూడా అదే చెప్పాడు: "బండి దగా చేసిందయ్యా." ఆ ఒక్క మాటని చేతికర్రలా పట్టుకుని నిలబడ్డాడు. అయితే ఒక చప్పుడు మాత్రం అతన్ని వదల్లేదు. టీ కెటిల్ మూత అదిరినా, మేక గొంతు సవరించుకున్నా అతనికి సెల్ఫ్ మోతే వినపడేది. ఇంజను అందుకోని, బలం తగ్గిపోతూ తగ్గిపోతూ ఆఖరికి టిక్కుమని ఆగిపోయే సెల్ఫ్ మోత. వాడు ఎన్నిసార్లు కొట్టి ఉంటాడు?

ఇప్పుడు గుడారాల దగ్గరి బావి ఉప్పుబారింది. మేకలకి అతార్ నుంచే నీళ్లు తోలాలి. చుట్టుపక్కల ఎవరూ ముట్టని బండి కాబట్టి ఇదొక్కటే వాళ్లకి అందే బేరం. శైబానీ కళ్లకి పొర కమ్మింది, నడిపేది సల్కా. తమ్ముడి కూతురు, తన కోడలు, యస్లెమ్ పెళ్లాం; అన్నదమ్ముల పిల్లల మధ్య పెళ్లి వాళ్లలో మామూలే. ఈ బేరం చెడగొట్టడానికే ఆమె వెంట వచ్చింది. కొట్టులోకి అడుగు పెట్టనని, అవతల గోడ నీడన కూర్చుంది.

బండి చెడ్డదైతే ఈ పిల్లని అందులో ఎక్కించకూడదు. మంచిదైతే? ఆ ఆలోచనని శైబానీ ఎనిమిది నెలలుగా సగంలోనే తుంచేస్తూ వస్తున్నాడు.

"ఊళ్లో అందరూ దీనికి గాలి సోకిందంటున్నారు," అన్నాడు, బండి కిందనుంచి బయటికి వచ్చి బట్టలు దులుపుకుంటూ.

"గాలి పట్టిన మాట నిజమే," అన్నాడు హమ్మాది. "డీజిల్ గొట్టంలో పట్టింది. జిన్నూ లేదు, గిన్నూ లేదు. డీజిల్ మొత్తం అయిపోయేదాకా నడిపాడు, క్యాన్లో ఉన్నది పోశాడు. ఎయిర్ తియ్యకుండా సెల్ఫ్ కొడితే ఏ బండి లేస్తుంది చెప్పు? నేను కొత్త బ్యాటరీ వేసి, చేతి పంపు నొక్కి ఎయిర్ తీశా. లేచి కూర్చుంది. పాపం ఎవరో కుర్రాడు. వాడికి బండి నేర్పినోడు ఈ ఒక్క ముక్క చెప్పి చావలేదు కాబోలు."

అబద్ధం, బండ్లమ్ముకునేవాడు ఏదైనా చెబుతాడు, అనుకున్నాడు శైబానీ. అనుకున్నాడే గాని, నమ్మలేకపోయాడు.

"ట్యాంకులో అడుగున కాస్త ఉంచి మిగతాదంతా క్యాన్లోకి దించు," అన్నాడు. "నేను పరీక్ష చేసుకోవాలి."

హమ్మాది అతన్ని ఎగాదిగా చూసి, గుర్తింపు కార్డు తీసుకుని, సాయంత్రానికల్లా తిరిగి తెమ్మన్నాడు.

పరీక్షలో బండి గుట్టు బయటపడుతుందని సల్కా నడపడానికి ఎక్కింది గానీ, కాళ్లు అందలేదు. సీటు వెనక్కి జరిపి ఉంది. యస్లెమ్ పొడగరి. ఆమె కింద చెయ్యి పెట్టి లాగింది, ఊగించింది. సీటు తుప్పు పట్టి కదలనంది.

"చూడు, ఈ సీటు ఇంకా ఆయనకోసమే ఉంచుకుంది," అంది సల్కా. వీపు వెనక మూట పెట్టుకుని సీటు అంచున కూర్చుని నడిపింది. దారిలో వెనక ఎవరో కూర్చున్నట్టు శైబానీ రెండుసార్లు తిరిగి చూశాడు.

బండి దొరికిన చోట ఎవరో నాలుగు నల్లరాళ్లు పేర్చి పెట్టారు. అక్కడ ఆపమన్నాడు, ఇంజను మాత్రం ఆపవద్దన్నాడు. ఇద్దరూ ఎండలో అలా కూర్చున్నారు. సల్కా అడగాలని చూసింది గాని, పెదనాన్న మొహం చూసి ఊరుకుంది. చాలాసేపటికి ఇంజను దగ్గింది, ఒకసారి వణికింది, ఆగిపోయింది.

శైబానీ దిగి క్యాన్లో డీజిల్ మొత్తం ట్యాంకులో పోశాడు. ఖాళీ క్యాను పక్కన పెట్టి "కొట్టు," అన్నాడు.

సల్కా తాళం తిప్పింది. సెల్ఫ్ తిరిగింది, తిరిగింది. ఇంజను అందుకోలేదు. మళ్లీ కొట్టింది. శైబానీ ఎనిమిది నెలలుగా వింటున్న చప్పుడు అదే, ఎక్కడా తేడా లేదు.

"చూశావా!" అని సల్కా దూకినట్టు కిందికి దిగింది. ఆమె కళ్లనిండా నీళ్లు. "చూశావా పెదనాన్నా! డీజిల్ ఉండి కూడా లేవట్లేదు! ఆయన్ని ఇలాగే చంపింది. నేను చెబుతూనే ఉన్నా, ఇది బండి కాదు, రాక్షసి! ఇంక దీని మొహం చూడొద్దు, పద!"

ఇక్కడితో వదిలేయవచ్చు. తల ఊపి, అవునమ్మా దగా బండే అంటే చాలు. తను పోయేదాకా ఆ మాటే నిలబడుతుంది. సల్కా కూడా అదే నమ్ముకుని బతుకుతుంది. ఇప్పుడు ఇంటికి చేరడానికి మాత్రం ఆమెని కాస్త దూరం పంపి, చాటుగా బోనెట్ ఎత్తితే సరిపోతుంది.

"నువ్వు వెళ్లి టీకి నాలుగు పుల్లలు ఏరుకు..." అనబోయి ఆగిపోయాడు.

ఆ మాట నోట్లోకి ఎక్కడినుంచి వచ్చిందో అతనికి తెలుసు. ముప్పై ఏళ్లు డీజిల్ లారీలు తోలాడు. యస్లెమ్ పదహారేళ్లప్పుడు రెండు ట్రిప్పులు వెంట వచ్చాడు. రెండుసార్లూ దారిలో డీజిల్ అయిపోయింది. రెండుసార్లూ వాడు బోనెట్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. వాళ్లలో కొడుకు తండ్రిని నిలదీసి అడగడం ఉండదు, సిగ్గు. తండ్రి కొడుక్కి ముద్దుగా చెప్పడమూ ఉండదు, అదీ సిగ్గే. వాడు ఊరికే నిలబడ్డాడు, అంతే. శైబానీ తల ఎత్తకుండానే అన్నాడు: "వెలుతురుకి అడ్డం రాకు. వెళ్లి టీకి పుల్లలు ఏరుకురా." వాడు వెళ్లి ఏరుకొచ్చాడు. చాలా ఏరుకొచ్చాడు, రెండు చేతులనిండా.

శైబానీ బోనెట్ ఎత్తాడు.

"ఇలా రా," అన్నాడు.

సల్కా రాలేదు. "ఎందుకు?"

"రామ్మా. ఇది డీజిల్ ఫిల్టరు. దీని నెత్తిన బొడిపెలా ఉంది చూడు, ఇదే చేతి పంపు. బొటనవేలు ఇక్కడ పెట్టు. నొక్కు. మెత్తగా ఉంది కదూ? అది గాలి. గట్టిపడేదాకా నొక్కుతూనే ఉండు."

ఆమె ఇష్టం లేకుండానే నొక్కింది. పదిసార్లు, ఇరవైసార్లు. నలభై దాటాక వేలు కింద పంపు బిగిసింది, ఇంక దిగలేదు.

"ఇప్పుడెళ్లి కొట్టు."

సల్కా ఎక్కి తాళం తిప్పింది. ఇంజను రెండుసార్లు తడబడి అందుకుంది. తర్వాత ఏమీ జరగనట్టు నిదానంగా మోగుతూ ఉంది.

ఆమె దిగి వచ్చి అతని ఎదురుగా నిలబడింది.

"బండిలో ఏ తప్పూ లేదన్నమాట," అంది.

"లేదు. మంచి బండి. కొనుక్కోవచ్చు."

"ఇంతేనా పెదనాన్నా? ఈ పంపు నొక్కడమేనా?"

"ఇంతేనమ్మా."

"నీకు ఇది ముందే తెలుసా?"

"ముప్పై ఏళ్లుగా తెలుసు."

సల్కా ఏడవలేదు. డీజిల్ అంటిన బొటనవేలిని చూసుకుంది.

"మరి ఆయనకెందుకు చెప్పలేదు?"

శైబానీ బోనెట్ దించాడు. "వాడెప్పుడూ అడగలేదమ్మా," అన్నాడు.

"ఇప్పుడు నేను మాత్రం అడిగానా?" అంది సల్కా.