గోరు లేని బొటనవేలు

నాది చెడ్డ నోరు. పులికాట్ ఒడ్డున చేపల బేరం చేసిన నోరు, మరెలా ఉంటుంది? మొగుడు పడవ తిరగబడి పోయాక తిరుపతికి వచ్చి, బట్టల కొట్టు గోవిందయ్యగారి ఇంట్లో బిడ్డను చూసుకునే పనికి కుదిరాను. ఆయన భార్య చంద్రకాంతమ్మ మొదటి రోజే షరతు పెట్టింది.

"ఇదో తాయమ్మా, బిడ్డ ముందర ఒక్క బూతుమాట వచ్చినా ఆ పొద్దే మూట సర్దుకోవాల."

సరేనన్నాను. బిడ్డ పేరు జయరామ్, ఏడాదిన్నర వాడు. నా చెవి తమ్మె పట్టుకుంటే గానీ నిద్రపోయేవాడు కాదు. నాకు పిల్లలు లేరు. ఆ చిట్టి వేళ్ల కోసం నా నోరు కట్టేసుకున్నాను.

యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు, ఎండాకాలంలో మొదలైంది ఆ పీడ. మంచినీళ్ల బావి దగ్గర ఒకడు నిలబడేవాడు. తలగుడ్డ ముఖానికి కూడా చుట్టుకునేవాడు. నాకు తెలిసిందల్లా వాడి కాళ్లే. కుడికాలి బొటనవేలికి గోరు లేదు. నేను బిందె ఎత్తుకుని నడిస్తే ఆ కాళ్లు వెనకే వచ్చేవి, ఆగితే ఆగేవి. చంకలో బిడ్డ లేకుంటే వాడి ఏడు తరాలనూ దులిపేదాన్ని.

ఒకనాడు గడప మీద డజను గాజులు పెట్టి ఉన్నాయి, సరిగ్గా నా చేతి కొలత. పెరటి బావిలో పడేశాను. మరో వారానికి మేము అన్నం పెట్టే వీధికుక్క అదే గడప మీద గొంతు తెగి పడి ఉంది. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, ఊయలలో నిద్రపోతున్న బిడ్డ కాలి కడియం పోయింది. సాయంత్రం నా చాప కింద దొరికింది. నేను పెరట్లో గుడ్డలుతుకుతుండగా వాడు ఇంట్లోకి వచ్చి వెళ్లాడన్నమాట.

మర్నాడు బావి దగ్గర మొదటిసారి మాట్లాడాడు.

"మనకు అడ్డం ఆ పిల్లోడే గదా. తీసేస్తాలే," అన్నాడు. వంకాయల ధర చెప్పినంత మామూలుగా అన్నాడు.

పరుగున వచ్చి చంద్రకాంతమ్మకు చెప్పాను. ఆమె బియ్యం చెరగడం ఆపలేదు.

"నీ నోరు ఊరుకుంటాదా? నువ్వే ఏదో అనింటావు, వాడు పగబట్టినాడు. కడెం నువ్వే తీసి మరిచిపోయింటావు."

నాకు ఒళ్లు మండింది. "నన్నేమన్నా అనుకో తల్లీ. బిడ్డనెత్తుకోని చిత్తూరికి, మీ నాయనోళ్లింటికి పో," అన్నాను.

"గంగమ్మ జాతరకు చాటింపేసినారు గదే. అయిందాకా ఎవురూ ఊరు దాటకూడదు. తెలీదా నీకు?"

తెలుసు. జాతర వారం రోజులూ రోజుకొక వేషం. వేషం కట్టినవాళ్లు ఇల్లిల్లూ తిరిగి నోటికొచ్చిన బూతులు తిడతారు. అది అమ్మవారికి మొక్కు, ఎవరూ కోప్పడరు. గడపకు వచ్చినవాళ్ల కాళ్ల మీద నీళ్లు పోసి, చెంబెడు అంబలి ఇవ్వాలి. అంతే మర్యాద.

రెండో రోజు బండ వేషం. ఒళ్లంతా కుంకుమ పూసుకుంటారు. బిడ్డకు జ్వరమని నా దగ్గర వదిలి, ఇంటిల్లిపాదీ పొంగలి కుండతో గుడికి వెళ్లారు. మిట్టమధ్యాహ్నం. పెరట్లో మూడురాళ్ల పొయ్యి మీద అంబలి కుతకుత ఉడుకుతోంది.

గడపలోకి ఒకడు వచ్చి తిట్లు అందుకున్నాడు. నవ్వుకుంటూ చెంబుతో నీళ్లు తెచ్చి కాళ్ల మీద పోశాను. కుంకుమ కరిగి కారింది. కుడి బొటనవేలికి గోరు లేదు.

చెంబు జారిపోయింది. వాడు తిట్లు ఆపాడు.

"పిల్లోడు నిద్దరపోతా ఉండాడా?" అన్నాడు మెల్లగా.

నన్ను తోసుకుని లోపలికి వచ్చి గడియ పెట్టాడు. నేను కిటికీ చువ్వలు పట్టుకుని, ఇన్నాళ్లూ దాచుకున్న నోరంతా విప్పాను. కాపాడమని అరిచాను, వాణ్ని పచ్చిబూతులు తిట్టాను. వీధిలో వేషగాళ్లు ఆగి చూశారు.

"అట్ల వాయించు తాయమ్మా, ఇన్నాళ్లకు నోరు తెరిచినావు," అన్నాడు ఎదురింటి మునిరామయ్య. అందరూ నవ్వారు. తిట్టుకు తిట్టు బదులిచ్చి, డప్పు కొట్టుకుంటూ ముందుకు పోయారు.

ఇక అరవలేదు. ఎవరూ రారని తెలిసిపోయింది.

వాడు ఊయలలోంచి బిడ్డను కాలు పట్టి లాగాడు. చంకలో ఇరికించుకుని పెరటి బావి వైపు నడిచాడు. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నాడు. రోకలి అందుకుందామంటే దూరంగా ఉంది. పొయ్యి దగ్గర వాడికి అడ్డంగా మోకాళ్ల మీద పడ్డాను.

"నీ కాళ్లు పట్టుకుంటా. నీ యెంట వస్తా, యాడికంటే ఆడికి," అన్నాను.

వాడు ఆగాడు. ఆ మాట కోసమే కదా మూడు నెలలు తిరిగాడు. కాళ్లు చాచి నిలబడ్డాడు. నేను రెండు చేతులతో అంబలి కుండ పట్టి వాడి కాళ్ల మీదికి వంచేశాను.

వాడు కేక పెట్టి ఒళ్లు విరుచుకునేసరికి బిడ్డ చంకలోంచి జారి నా ఒడిలో పడ్డాడు. నా అరచేతుల తోలు కుండకే అంటుకుపోయింది. అప్పుడు తెలియలేదు. బిడ్డను తులసికోట వెనక్కి నెట్టి లేచేలోగా వాడు మొలలోంచి కత్తి తీసి విసురుగా కొట్టాడు. నా ఎడమచేతి రెండు వేళ్లు మట్టిలో పడ్డాయి. మళ్లీ ఎత్తబోతే కాలిన కాళ్లు నిలవక బోర్లా పడ్డాడు. గోడవార ఉన్న రోకలి అందుకున్నాను. మొదటి దెబ్బకు వాడి మణికట్టు విరిగింది. రెండోది తల మీద. మూడోదానికే వాడు కదలడం మానేశాడని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం డప్పులు ఆ వీధి దాటిపోయేదాకా కొడుతూనే ఉన్నాను. వాడి పేరు ఏకాంబరమని తర్వాత పోలీసులు చెప్పారు.

బిడ్డను ఎత్తుకుని గడియ తీసి, గుమ్మంలో కూర్చున్నాను. చంద్రకాంతమ్మ తిరిగొచ్చింది. ఎర్రటి కొడుకును చూసి నవ్వింది.

"నా తండ్రికి బండ వేషం ఎవురేసినారే? ఎంత బాగుండాడు."

"కుంకం కొంచెమే తల్లీ. మిగతాది కుంకం కాదు," అన్నాను.

ఆమె బిడ్డను లాక్కుని చొక్కా చించి ఒళ్లంతా తడిమింది. గాయం ఎక్కడా లేదు. అప్పుడు నా చేయి చూసింది. లేచి పెరట్లోకి వెళ్లింది. వెనకే నేనూ వెళ్లాను. వాడి ముందు నిలబడి, ఆ మహా ఇల్లాలు ఒక మాట అంది. చేపల రేవులో కూడా అంత మాట నేను వినలేదు. బిడ్డను చంకలో పెట్టుకునే అంది.

తర్వాత తన చీర కొంగు చింపి నా చేతికి కట్టు కట్టింది.

"నేను నిన్ను నమ్మలేదే," అంది.

బిడ్డను మళ్లీ నా ఒడిలో పెట్టింది. వాడు వెక్కుతూ తడుముకుని, నా చెవి పట్టుకుని నిద్రపోయాడు.