మొదటి గుంజ

ముడి వేళ్లకు లొంగకపోవడంతో బయూమీ దాన్ని పళ్లతో పట్టి లాగాడు. తాడు నోటికి ఉప్పగా తగిలింది. చావు షామియానా ఎర్రగుడ్డ, దాని మీద కుట్టిన నీలం పువ్వులతో సహా మెల్లగా జారి అతని భుజాల మీద పడింది. వేసేటప్పుడు అందరూ తొందరపెడతారు, విప్పేటప్పుడు పలకరించే దిక్కుండదు. కైరోలో ఏ సందుకు వెళ్లినా ఇదే తంతు.

బయూమీ పొడుగు మనిషి. ఏళ్లతరబడి గుంజలు మోసి కుడిభుజం కిందికి దిగిపోయింది. తాడు రాపిడికి అరచేతుల్లో గీతలు చెరిగి నున్నగా తయారయ్యాయి. బూడిదరంగు జుబ్బా అంచు నడుముకు దోపుకుని పని చేస్తాడు. ఎడమచెయ్యి మాత్రం ఈ పొద్దు నిద్ర లేచినప్పటి నుంచి వేరేవాడి చెయ్యిలా ఉంది. చెప్పిన పని చేస్తోంది కానీ, చేసిన సంగతి అతనికి తెలియడం లేదు.

మిగతా కుర్చీలన్నీ బండికెక్కినా, చివరి కుర్చీలో ఒక ముసలమ్మ ఇంకా కూర్చునే ఉంది. చనిపోయినవాడి తల్లో, మేనత్తో. బయూమీ ఎదురుగా నిలబడి దగ్గాడు.

"షామియానా బాగా వేశావు నాయనా. నీదెప్పుడు?" అని అడిగింది ఆమె, పెళ్లెప్పుడని అడిగినంత మామూలుగా.

జవాబు కోసం చూడకుండానే ఆమె మోకాళ్లు పట్టుకుని లేచి ఇంట్లోకి వెళ్లిపోయింది. అతని జతగాడు ఖినావీ బండి మీద నుంచి పకపకా నవ్వాడు.

"చెప్పరాదట్రా, ముహూర్తం పెట్టించాక కబురు చేస్తానని!"

బయూమీ నవ్వలేదు. ఆ ప్రశ్న కొన్నాళ్లుగా అతన్ని తొలుస్తూనే ఉంది. భార్య నజాత్ పోయింది, పిల్లలు పుట్టలేదు, సొంతూరు సోహాగ్‌లో ఉన్న బంధువులు మొహాలు మరిచారు. ఒక మేడ మీద గది, అందులో మంచం, పొయ్యి, ఒక పావురాల గూడు. ఇంక అతనికి ఉన్నదల్లా షామియానాల వారి సంఘమే. సభ్యుడు పోతే సంఘమే వచ్చి అతని సందులో షామియానా వేస్తుంది, అందరూ వచ్చి కూర్చుంటారు. నజాత్ పోయినప్పుడూ అలాగే వచ్చారు. ఎవరూ లేని మనిషి ఎలా పోతాడో బయూమీ చూశాడు. పక్కగది దర్జీ ఆసుపత్రిలో పోతే, అటు నుంచి అటే శ్మశానానికి పంపారు. మర్నాటికి ఇరుగుపొరుగు అతని మంచం కోసం కాట్లాడుకున్నారు. చావంటే బయూమీకి భయం లేదు, అలాంటి చావంటేనే భయం.

సంఘం గది ముందు షరీఫ్ కాచుకుని ఉన్నాడు. పాత అధ్యక్షుడి కొడుకు, ఇప్పుడు తనే అధ్యక్షుడు. ఇస్త్రీ చొక్కా, చెవిలో ఫోను, దగ్గరికి వస్తే అత్తరు ఘాటు. చెడ్డవాడేం కాదు. సంఘంలో ముసలివాళ్లు తప్ప ఎవరూ మిగల్లేదని అతని దిగులు.

"బయూమీ బాబాయ్! సాయంత్రం సభ ఈ సందులోనే. ముందు వేదిక, కుర్చీలన్నీ వేదిక వైపు. తెల్లగుడ్డ కట్టు, పెళ్లిళ్లకు కడతామే, అది. బెలూన్లవాళ్లు, లైటింగ్ వాళ్లు, పాటల పెట్టెలవాళ్లు అందరూ వస్తున్నారు. సంఘంలో చేరతారట."

"మంచిదే బాబూ. మరి పేరు..."

"మారుస్తున్నాం. 'శుభకార్య నిర్వాహకుల సమాఖ్య'. ఎలా ఉంది?"

బయూమీ ఆ పేరును మనసులో పలికి చూసుకున్నాడు. కొత్త చెప్పులా కరిచింది.

"సభ్యుడు పోతే వేసే షామియానా ఉంటుందా బాబూ?"

షరీఫ్ చూపు తిప్పుకున్నాడు. "అక్కడే చిక్కొచ్చింది బాబాయ్. చావు ఊసుంటే మేం రామంటున్నారు వాళ్లు. అపశకునమట. ఈ రాత్రికి ఆ నియమం తీసేస్తాం. అయినా ఇప్పుడు మసీదుల్లో హాళ్లున్నాయిగా?"

"హాలుకు మనిషి కావాలి కదా బాబూ, మాట్లాడి పెట్టడానికి," అన్నాడు బయూమీ. షరీఫ్ అప్పటికే ఫోనులో నవ్వుతున్నాడు.

సభలో లేచి నిలబడి అడగాలని మధ్యాహ్నమంతా అనుకున్నాడు బయూమీ. చాలా చిన్న మాట. నాకెవరూ లేరు, నా షామియానా తీసెయ్యకండి. పుట్టి బుద్ధెరిగి పదిమందిలో నోరు విప్పిన మనిషి కాదు.

ఎండ తగ్గాక ఇద్దరూ పని మొదలుపెట్టారు. మొదటి గుంజ నిలబెట్టినప్పుడు తాడు పట్టినవాడు "ఎవరి పేరు?" అని అడగాలి, గుంజ పట్టినవాడు పోయినవాడి పేరు చెప్పాలి. ఆ పేరు విన్నాకే ముడి బిగుస్తుంది. వాళ్ల తాతల నాటి ఆచారం. పెళ్లికో సభకో అయితే అడగరు. కానీ చావులకే అలవాటుపడిన నోరు కాబట్టి, ఖినావీ ఆవలిస్తూ అడిగేశాడు.

"ఎవరి పేరు?"

"బయూమీ," అన్నాడు బయూమీ.

తన గొంతు తనకే పక్కసందులోంచి వినిపించినట్టయింది. ఖినావీ చేతిలో తాడు అప్పటికే బిగిసింది.

"ఛీ, నోరు ముయ్! ఉమ్మి పారెయ్యరా!" ఖినావీ నేల మీద ఉమ్మి, మూడుసార్లు దేవుడి పేరు తలుచుకున్నాడు. "నీ మొహానికి తోడు నీ మాటలొకటి. నేను లైట్లు తెస్తాను, కుర్చీలు వెయ్యి."

బయూమీ కుర్చీలు వేశాడు. వేస్తున్నంతసేపూ సభలో ఏం మాట్లాడాలా అన్న ధ్యాసే. ఎడమచెయ్యి దాని పని అది చేసుకుపోతోంది. సందు విచిత్రంగా సద్దుమణిగింది. పావురాలు కూడా కిక్కురుమనలేదు. చివరికి నడుం నిలబెట్టి చూసుకున్నాడు. వేదిక లేదు. కుర్చీలు రెండు వరుసలుగా ఒకదానికొకటి ఎదురెదురుగా ఉన్నాయి, నడుమ చాప. షామియానా గుమ్మం పక్కన, పరామర్శకు వచ్చేవాళ్లను అందుకునే ఇంటివాళ్ల కుర్చీలు. పైన తెల్లగుడ్డకు బదులు ఎర్రగుడ్డ. అదెప్పుడు కట్టాడో అతనికి గుర్తే లేదు.

మార్చేద్దామని ఒక కుర్చీ పట్టుకున్నాడు. గుండెలో ఏదో మెలిపెట్టింది. గుమ్మం పక్క కుర్చీలో కూర్చున్నాడు, ఒక్క క్షణం ఊపిరి తీసుకుని లేద్దామని.

అంతలో మనుషులు రావడం మొదలైంది. మొదట ముసలివాళ్లు. ఎదురెదురు వరుసలు చూడగానే వాళ్ల నడక దానంతటదే నెమ్మదించింది. గుమ్మం దగ్గర బయూమీ చెయ్యి అందుకుని, "మిగతా ఆయుష్షు నీకు కలగాలి," అని పరామర్శ మాట గొణిగి, వెళ్లి కూర్చున్నారు. ఎవరు పోయారని ఎవరూ అడగలేదు. చావింట్లో అది అడగరు. బెలూన్లవాళ్లు వెనక వచ్చారు. ముందున్నవాళ్లు ఏం చేస్తే వాళ్లూ అదే చేశారు. సభ ఆరంభానికి ఖురాన్‌లోంచి నాలుగు మాటలు చదవమని పిలిపించిన షేక్ రెండు వరుసలు చూసి, కళ్లు మూసుకుని, చావింటి పారాయణం అందుకున్నాడు. సందు చివరి హోటలువాడు మాట్లాడకుండా, చావింట్లో ఇచ్చే చక్కెర లేని కాఫీ పంచాడు.

అందరి చేతులూ ఒక్కొక్కటిగా బయూమీ చేతిలోకి వచ్చి వెళ్తున్నాయి. ఎంతమంది వచ్చారో! అతనికి ఏడుపు వచ్చింది. దుఃఖం కాదు, ఇంతమందిని చూసిన సంతోషం. లేచి మాట్లాడదామనుకున్నాడు. తర్వాత, ఇంక మాట్లాడే పనేముంది అనిపించింది. తల వెనక్కి వాల్చాడు.

షరీఫ్ చివర్లో, గుడ్డ చుట్టిన కొత్త బోర్డు చంకలో పెట్టుకుని హడావుడిగా వచ్చాడు. "ఇదేంటి బాబాయ్, ఏం చెప్పాను, ఏం చేశావు?" అని విసుగ్గా బయూమీ చెయ్యి పట్టుకుని లాగాడు. ఆ చెయ్యి చల్లగా ఉంది. మిగతావాళ్ల చేతులు అందుకున్నట్టే అతని చేతినీ అందుకుని ఉండిపోయింది.

షేక్ గొంతు ఆగలేదు. ఖినావీ వచ్చి చూసి, నుదురు కొట్టుకుంటూ నేల మీద కూలబడ్డాడు. "పేరు చెప్పాడయ్యా. నేనే ముడి బిగించాను," అని ఏడ్చాడు.

బయూమీని సంఘం గదిలో పడుకోబెట్టారు. బయట ఎవరూ కుర్చీల్లోంచి లేవలేదు. కానీ గుమ్మం పక్కన ఇంటివాళ్ల చోటు ఖాళీగా ఉంది. బయూమీకి ఎవరూ లేరు. షరీఫ్ బోర్డును గోడకు ఆనించి, చొక్కా సర్దుకుని, వచ్చి ఆ చోట నిలబడ్డాడు. ఒక్కొక్కరే లేచి వచ్చి అతని చెయ్యి పట్టుకున్నారు. బెలూన్ల సంస్థ యజమాని కూడా వచ్చాడు.

"మిగతా ఆయుష్షు నీకు కలగాలి."

షరీఫ్ తల వంచుకుని, "నీకూ కలగాలి," అన్నాడు. పేరు మార్చే సంగతి ఆ సాయంత్రం ఎవరూ ఎత్తలేదు. మరునాడు ఎత్తుతారో లేదో షరీఫ్‌కే తెలియదు.

అందరూ వెళ్లాక విప్పడానికి ఖినావీ ఒక్కడే మిగిలాడు. లోపలి గుంజకు కొట్టిన మేకుకు ఒక పలచని సంచి వేలాడుతోంది. అందులో బయూమీ రాత్రికి తిందామని తెచ్చుకున్న రెండు రొట్టెలు, ఒక తెల్లజున్ను ముక్క, నీళ్లతో కడిగిన తడి ఇంకా ఆరని ఒక దోసకాయ.